గోచీ చీర కట్టిన కాకి

కాకి ఇంకా రాలేదు. గోదావరి మెట్ల మీద అరటాకులో పెట్టిన పిండాలు ఎండకి పైపైన ఆరిపోయి పొరకట్టాయి. ఎదురుగా వేపచెట్టు నిండా కాకులే. లేకపోతే లేవని సరిపెట్టుకోవచ్చు. ఉన్నాయి, కొమ్మకు ముక్కు రాసుకుంటూ మమ్మల్నే చూస్తున్నాయి, ఒక్కటీ దిగదు. నా చేతిలో ఫోను, ఫోనులో గుండ్రంగా తిరుగుతున్న చక్రం, దాని కింద 'మీ వీడియో సిద్ధమవుతోంది, దయచేసి వేచి ఉండండి'. అక్కడా వేచి ఉండడమే, ఇక్కడా వేచి ఉండడమే, అక్కడా కాకి కోసమే, ఇక్కడా కాకి కోసమే, అసలు చిక్కంతా అదే. మా ఇళ్ళలో నాన్న తమ్ముడి భార్యని కాకి అంటాం. మర్ఖేల్ దిక్కు మా సరిహద్దు ఊళ్ళలో మాట తెలుగు, వరసలు మరాఠీ. పిన్ని అనం, చిన్నమ్మ అనం, కాకి అంటాం. పార్వతీబాయి కాకి. పోయి ఇవాళ పదో రోజు. నోటితో చెబితే వీడియో చేసిపెట్టే ఈ యాప్‌కి తెలుగు వచ్చునని ట్రైనింగులో చెప్పారు. వచ్చు, నిజమే. మా తెలుగు రాదు.

చక్రం ఆగింది. వీడియో వచ్చింది. గోదావరి భలే వచ్చింది, అలలు, మెట్లు, దూరంగా తెల్లని గోపురం. మెట్ల మీద కాకి. నల్లటి, ముక్కున్న, రెక్కలున్న కాకి. దానికి ఆకుపచ్చ తొమ్మిది గజాల గోచీ చీర, నుదుట కాసంత కుంకుమ, ముక్కుకి, అంటే ఆ పొడుగు ముక్కు కొసకి, ముత్యాల నత్తు. మెడ ఇటు తిప్పి అటు తిప్పి నవ్వింది. కాకి ఎలా నవ్వుతుందో నాకు తెలియదు, దానికి తెలుసు. కింద ప్రశ్న: 'మీరు కోరుకున్నది ఇదేనా?' కాదు తల్లీ, కాదు. నేను ఫోనుకి నోటితో చెప్పింది ఏమిటి? మా కాకి పచ్చ గోచీ చీర కట్టుకుని గోదావరి ఒడ్డున కూర్చుని నవ్వుతూ మాట్లాడాలి. చెప్పింది చెప్పినట్టు చేసింది. తప్పు పట్టడానికి ఎక్కడా సందు లేదు, అందుకే ఒళ్ళు మండుతోంది. ఐదో తరగతిలో ఇలాంటి పిల్లవాడొకడు ఉంటాడు, బోర్డు తుడవమంటే బోర్డే తుడుస్తాడు, పక్కనే వొలికిన నీళ్ళు తుడవడు. వాడినైతే కనీసం కోప్పడొచ్చు.

ఈ పని నా మెడకు చుట్టింది గజానన్. కాకి కొడుకు, నాకు తమ్ముడు. పొద్దున మంగలి ముందు తల వంచుకు కూర్చుని, సగం గుండు అయ్యాక, తల ఎత్తకుండానే అన్నాడు. మరాఠీలోనే అన్నాడు, వాడిప్పుడు అన్నీ మరాఠీలోనే అంటాడు, అక్కని తాయీ, అమ్మని ఆయి. తాయీ, నీకు ఆ వీడియోలు చేయడం వచ్చంట కదా, ఆయితో ఒక్క మాట చెప్పించు, గజ్యా, నాకు నీ మీద కోపం లేదు అని, అంతే. భోజనాల వేళకు స్టేటస్‌లో పెడతాను, అందరూ చూస్తారు. నాకు రావడమేమిటి, మా జిల్లా పరిషత్ స్కూలు టీచర్లందరినీ కూర్చోబెట్టి ఒక పూట ట్రైనింగు ఇచ్చారు, సింహం తెల్లకోటు వేసుకుని కిరణజన్య సంయోగక్రియ చెప్పే వీడియో ఒకటి చేశాను, అది గ్రూపులో తిరిగింది, ఆ పాపం ఇవాళ తగులుకుంది. సరే, మరాఠీలో చేసేస్తా, రెండు నిమిషాల పని అన్నాను. అప్పుడు తల ఎత్తాడు. గుండు సగం, జుట్టు సగం, కళ్ళు ఎర్రగా. "నకో తాయీ. తెలుగుల" అన్నాడు. నకో అంటే వద్దు. మిగిలింది ఒక్క మాట. తెలుగుల. ఎన్నేళ్ళయింది వాడి నోట ఆ మాట విని.

ఫోటో ఇస్తే సరిపోయేది కదా అనుకుంటారు. ఇచ్చాను. కాకి ఫోటోలన్నిటిలో కొంగు నోటికి అడ్డంగా ఉంటుంది, పెళ్ళిళ్ళలో, బారసాలలో, ఆధార్ కార్డులో తప్ప అన్నిటిలో. ఆధార్ ఫోటో చూస్తే కాకే భయపడేది. 'ముఖం స్పష్టంగా లేదు, మరొక చిత్రం ఎంచుకోండి.' ఎక్కడినుంచి ఎంచుకోను? ముందరి పళ్ళ మధ్య సందు, రూపాయి బిళ్ళ నిలబెట్టేంత. 'స' పలికితే అందులోంచి సన్నగా ఈల వచ్చేది. స్నేహల్ అని నన్ను పిలిస్తే ముందు ఈల, తరవాత పేరు. వంటింట్లో ఆమె, ముందు గదిలో నేను, వాళ్ళింట్లో ఉండి డీఎడ్ చదివిన రెండేళ్ళు ఆ ఈలకే లేచాను, ఆ ఈలకే తిన్నాను. జొన్నరొట్టె తిప్పడం నేర్పింది. "సేతులు సూడకు బిడ్డా, సప్పుడు ఇను. రొట్టె సేతిల ఉండది, సెవుల ఉంటది." ఒకే వాక్యంలో ఎన్ని ఈలలో. ఆ ఈల ఈ యాప్‌కి ఎలా చెప్పాలి? ఏ అక్షరాలతో రాయాలి?

సరే, కాకి అనొద్దు. పిన్ని అన్నాను. చక్రం తిరిగింది. వచ్చింది. పాతికేళ్ళ పిల్ల, పాలమీగడ రంగు, జడ నిండా మల్లెలు, అద్దంలా నున్నటి బుగ్గలు. పిన్నీ నీకు దండం. చిన్నమ్మ అన్నాను. చిన్న అమ్మ వచ్చింది, అంటే మెట్టు ఎత్తు కూడా లేని ఒక బుల్లి స్త్రీ, పక్కన పూలకుండీ ఆమెకంటే పొడుగు. పళ్ళు కొరుక్కుని, ముసలి కాకి అన్నాను, ఎందుకన్నానో నాకే తెలీదు, నాలుక తిరిగిపోయింది, నలభై ఏళ్ళ అలవాటు. ముసలి కాకి వచ్చింది. ఈకలు నెరిశాయి, కళ్ళజోడు పెట్టుకుంది. 'మీరు కోరుకున్నది ఇదేనా?' పక్కనుంచి యమునాబాయి తొంగిచూసింది. కాకికి అక్క, మర్ఖేల్ నుంచి తెల్లారి బస్సుకు వచ్చింది, ఏడ్చి ఏడ్చి గొంతు పోయినా మాట మాత్రం పోలేదు.

"ఏందే అది, కాకికి కండ్లద్దాలు?"

"ఏఐ పెద్దమ్మా. వీడియో చేస్తది."

"ఆయా? ఆయితోని ఆయిని చేపిస్తున్నవా? తల్లిని గిట్ల చేస్తరా ఎవలన్న! మా చెల్లె నల్లగుంటె ఉండె గని, గింత నలుపా?"

నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, రెండూ గొంతు దగ్గర ఢీకొని దగ్గొచ్చింది. అటు గురూజీ చేతి గడియారం చూసుకున్నాడు. ఆయనకి ఇంకో రెండు ఇళ్ళు ఉన్నాయి, ఇందాకే చెప్పాడు. మళ్ళీ గజానన్‌తో అన్నాడు, బాళా, అంటే బాబూ, చనిపోయిన వాళ్ళ మనసులో ఏదన్నా ఉండిపోతే కాకి దిగదు, అందరూ వచ్చి ఆమెకేం కావాలో మాటివ్వండి, అప్పటికీ రాకపోతే దర్భతో కాకిని చేసి ముట్టించేద్దాం, శాస్త్రంలో ఉంది. శాస్త్రంలో ఉంది సరే. గడ్డితో కాకి. దాన్ని పిండానికి తాకించి అయింది అనిపించడం. మా వాళ్ళలో అది తలవంపులు, దర్భ కాకి ముట్టిన ముసలమ్మ అంటే కోడలికి కొడుకుకి జీవితాంతం పట్టుకునే మాట. గజానన్ తల అడ్డంగా ఊపాడు. "దర్భాచా నకో." వాడి గుండు ఎండకు ఎర్రబడుతోంది, మీద తడిపంచె, కింద వణుకు. ఎండలో వణికేవాడిని మొదటిసారి చూస్తున్నాను. వీడియో స్టేటస్ కోసం కాదని ఇప్పుడు అర్థమైంది. కాకి దిగకపోతే కనీసం ఫోనులోనైనా ఆమె చెప్పాలి. ఎవరికి? చూసేవాళ్ళకి కాదు, వీడికి.

ఎందుకో నాకు తెలుసు, ఇక్కడున్న అందరికీ తెలుసు, ఎవరూ అనరు. పోయిన ఏడాది వాడి కొత్తింటి వాస్తుశాంతి. మోండాలో, అంటే ధాన్యం మార్కెట్లో, వ్యాపారం పెరిగింది, పెద్దవాళ్ళు వచ్చారు, కార్లు వచ్చాయి, గుమ్మం దగ్గర కాకి నిలబడి ప్రతి ఒక్కరినీ, కారు దిగిన వాళ్ళనీ ఆటో దిగిన వాళ్ళనీ, "రాండ్రి రాండ్రి, కూసోండ్రి, సిగ్గు వడకుండ్రి, సల్లగ మజ్జిగ తాగుండ్రి" అంటోంది. ఈలలే ఈలలు. మెరిసే చీర కట్టుకున్న ఒకామె పక్కావిడ చెవిలో ఏదో అని నవ్వింది. గజానన్ అది చూశాడు. గిన్నె చేతిలో పట్టుకుని అందరి ముందూ అన్నాడు: "ఆయీ, మరాఠీత్ బోల్ నా. లోకం హసతాత్." మరాఠీలో మాట్లాడు, జనం నవ్వుతున్నారు. చిన్నప్పుడు అమ్మని మా తెలుగులో అవ్వా అనేవాడు, ఆయి ఎప్పుడయిందో ఎవరూ గమనించలేదు. కాకి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "హో" అంది. హో అంటే అవును, సరే, అలాగే. ఆ రోజు నుంచి వాడితో ఆమె మాట్లాడింది ఆ ఒక్క మాటే. తిన్నావా ఆయీ? హో. మందులు వేసుకున్నావా? హో. కోపంగా కాదు, మెత్తగా, చెప్పిన మాట వినే పిల్లలా, హో. కొట్టినా బాగుండేది. నాతో గంటలు గంటలు మాట్లాడేది ఫోన్లో, తెలుగులో, వాడు గదిలోకి రాగానే ఆగిపోయేది. ఆస్పత్రిలో చివరి పూట వాడు మంచం దగ్గర వంగి, ఆయీ, కోపం పెట్టుకున్నావా అని అడిగాడు. ఆమె "హో" అంది. అలవాటుగా అందో, అడిగినదానికి జవాబే చెప్పిందో. ఆ ఒక్క అక్షరం వాడి గొంతులో ముల్లులా పది రోజులుగా దిగబడి ఉంది, నేను ఇక్కడ కూర్చుని కాకికి కళ్ళజోడు తీయిస్తున్నాను.

మాటలు ఇవ్వడం మొదలైంది. కాకి తమ్ముడు సూర్యకాంత్ ముందుకు వచ్చి చేతులు జోడించాడు. "అక్కా, గట్టు లొల్లి ఇడిసిపెట్టిన. పొలంల నీ వాటా నీ కొడుక్కే. రా అక్కా." వేపచెట్టు కదలలేదు. కోడలు అర్పిత మరాఠీలో ఏదో గొణిగి కళ్ళు తుడుచుకుంది. చెట్టు మీద ఒక కాకి రెక్క విప్పింది, అందరం మెడలు సాచాం, రెక్క కింద గోక్కుని మళ్ళీ ముడిచింది. యమునాబాయి చాలాసేపు అటూ ఇటూ చూసి, కొంగు ముడి సర్దుకుని, పెద్దగా అంది. "సెల్లే, నీ ముక్కుపుడక పోయిందని ఇల్లంత ఎతికినవ్ గదా. నా తాననే ఉన్నది. నీ కోడలుకిస్తా. ఇగ రాయే!" సూర్యకాంత్ నోరు తెరిచాడు. అర్పిత ఏడుపు ఆపేసింది. కాకులు మాత్రం పట్టించుకోలేదు, వాటికి ముక్కుపుడకలతో పనేముంది, ఆ నత్తు వేసుకునే కాకి నా ఫోనులో ఉంది. గురూజీ దర్భకట్ట విప్పాడు. నాలుగు పోచలు తీసి పొడుగు చూసి తుంచి మడత పెట్టాడు. అది తోక కాబోలు.

తొందరపడు స్నేహల్. వరసలు వద్దు, కాకి వద్దు, పిన్ని వద్దు. అరవై దాటిన ముసలామె, నల్లగా, పచ్చ గోచీ చీర. నెట్‌వర్క్ ఒక గీత. ఎండలో తెర కనపడదు, కొంగు ముసుగేసుకుని లోపల చూస్తున్నాను, బయటినుంచి చూసేవాళ్ళకి ఏడుస్తున్నట్టుంటుంది, ఇదే నయం. వచ్చింది. ముసలామే. మనిషే. కానీ పళ్ళ పేస్టు ప్రకటనలో నానమ్మ, పళ్ళు రెండు వరసలా గోడ కట్టినట్టు, ఎక్కడా సందు లేదు. నోరు తెరిచింది. "ప్రియమైన గజానన్, నాకు నీపై ఎటువంటి కోపమూ లేదు. సంతోషంగా ఉండు నాయనా." వార్తలు చదువుతోంది. రైల్వే క్వార్టర్స్‌లో సూర్యకుమారిగారని కాకి పక్కింట్లో రాజమండ్రి ఆవిడ ఉండేది, ఇలాగే మాట్లాడేది, వదినగారూ కాఫీ తాగారా అండీ అని, కాకి ఆవిడ వెళ్ళాక కొంగులో నవ్వుకునేది, గారు గారు అంటె నాకు గారెలు యాదికొచ్చి ఆకలైతది అని. ఆవిడే ఒకసారి అడిగింది, మనిషిని పట్టుకుని కాకి అంటారేమిటండీ, అపశకునం కాదూ? కాకి అప్పుడే పొద్దుటి మొదటి రొట్టె ముక్క గోడ మీద పెట్టి వస్తోంది, రోజూ పెట్టేది, రాయే నా సవితీ అని పిలిచి మరీ పెట్టేది. నడుం మీద చేయి వేసుకుని అంది. "కాకినే వదినా. పిలిస్తె అస్త. పిలువకపోతె అరుస్త." ఆమెని ఈ ఏడాది ఎవరు పిలిచారు? ఆయీ ఆయీ అని పిలిచింది ఎవరిని? ఈ వీడియో పంపితే గజానన్ చూస్తాడు, నమ్మడానికి ప్రయత్నిస్తాడు, అది ఇంకా ఘోరం. అర నిమిషం చూసి, బాగుంది తాయీ అంటాడు. ఆ గోడకట్టు పళ్ళ నానమ్మ ఇచ్చిన క్షమ వాడు బతికినన్నాళ్ళూ ఫోనులో పెట్టుకుని తిరుగుతాడు. తుడిచేశాను. 'ఈ రోజుకు మీకు చివరి ఉచిత ప్రయత్నం మిగిలి ఉంది.' నువ్వూ దర్భ తుంచుతున్నావా?

"అక్కడ తల అయిపోవచ్చింది" అని సూర్యకాంత్ గుసగుస. గురూజీ వేళ్ళ మధ్య గడ్డి కాకికి మెడ వచ్చింది. ఇక దారం చుట్టడమే. నాకు తిక్క రేగింది. ఎవరి మీదో తెలీదు, గడ్డి మీద, ఫోను మీద, చెట్టు మీద తీరుబడిగా కూర్చున్న వాటి మీద, చచ్చిపోతూ కూడా హో అన్న ఆమె మీద. ఫోనుని నోటి దగ్గర పెట్టుకుని తిట్టాను. "అరే, మా కాకి గిట్ల ఉండదే సన్నాసీ! పండ్ల నడుమ సందుంటది, మాట్లాడితె ఈల అస్తది, గజ్యా మీద కోపం లేదని సెప్పాలె, గంతే! గింత సిన్న పని సేతగాదా నీకు?" ఎర్రచుక్క వెలిగే ఉంది. మైకు ఆన్‌లోనే ఉంది. నా తిట్టు మొత్తం యాప్‌కి ఆదేశంగా వెళ్ళిపోయింది. చక్రం తిరగడం మొదలైంది. చివరిది. పోయింది. కాకి అన్నాను, మళ్ళీ కాకి అన్నాను.

గజానన్ లేచి వచ్చాడు. తడిపంచె కాళ్ళకు చుట్టుకుంటోంది. చేయి చాపాడు. "ఝాలా కా, తాయీ?" అయిందా? కాలేదు, బాలేదు, వద్దు అంటూ ఫోను వెనక్కి పెట్టుకున్నాను. చిన్నప్పుడు నా పెన్సిలు లాక్కున్నట్టే లాక్కున్నాడు. చక్రం ఆగింది. నొక్కాడు. రేవులో డప్పుల మధ్య వినపడాలని పొద్దున నేనే శబ్దం చివరిదాకా పెంచి ఉంచాను, ఆ సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

పచ్చ గోచీ చీరలో కాకి. నత్తు ఉంది. ముక్కు తెరిచింది, లోపల పళ్ళు, మనిషి పళ్ళు, ముందరి రెండిటి మధ్య గుమ్మమంత సందు. ఈ పాడు యాప్ చెప్పిన ఒక్క మాటా వదల్లేదు. "గజ్యా, నాకు నీపై ఎటువంటి కోపమూ లేదు" అంది వార్తల గొంతుతో, అని ఊరుకోలేదు, మెడ సాచి, రెక్కలు విదిలించి, గోదావరి అవతలి ఒడ్డుకు వినపడేలా కావ్ కావ్ కావ్ అని అరిచింది. గురూజీ చేతిలో దారం జారిపోయింది. యమునాబాయి రామ రామ అంది. గజానన్ కదలకుండా చూస్తున్నాడు. అయిపోయింది, నన్ను కొడతాడు, లేదా నీళ్ళలోకి విసిరేస్తాడు, విసిరేయనీ. వాడి భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడనుకున్నాను. నవ్వుతున్నాడు. పది రోజుల తర్వాత, నోరంతా తెరిచి. ముందరి పళ్ళ మధ్య సందు. మర్చిపోయాను, వాడికీ ఉంది, అచ్చం ఆమెదే. పెదవులు బిగించి మాట్లాడడం అలవాటు చేసుకుని ఎన్నేళ్ళుగానో దాచుకున్నాడు.

"అక్కా" అన్నాడు. తాయీ అనలేదు. "గిదేందే? అవ్వ గిట్ల మాట్లాడుతదా? ఎటువంటి కోపమూ లేదంట! అవ్వకు కోపం లేకుంట ఎన్నడుండె?" నడుం మీద చేయి వేసుకున్నాడు. తడి గుండు, జంధ్యంలా వేసుకున్న దర్భ, నడుం మీద చేయి. గొంతు మార్చాడు. "ఏమ్రా గజ్యా, సద్ది తిన్నవా? సిగ్గులేదుర, తల్లి సచ్చి పది దినాలాయె, మొకం సూడు సిక్కిపోయి! సల్లగ గింత మజ్జిగన్న తాగు సచ్చినోడా!" ఈల. మాట మాటకీ ఈల. సద్దిలో ఈల, సిగ్గులో ఈల, సల్లగలో ఈల. సూర్యకాంత్ మెట్టు మీద కూలబడ్డాడు. తరవాత వాడి సొంత గొంతు వచ్చింది, విరిగి, పిల్లాడిదై. "తాగుత అవ్వా. నువ్వు రా. నీ తెలుగులనే తిట్టు. అందరున్నరు, అందరి ముందలనే తిట్టు. రా అవ్వా."

నెత్తి మీంచి గాలి కొట్టింది. నల్లటిది ఏదో నా కొంగు రాసుకుంటూ పోయి అరటాకు మీద వాలింది. అటూ ఇటూ మెడ తిప్పింది, పక్కకి రెండు గెంతులు వేసింది, మధ్య పిండం మీద ముక్కుతో ఒక్కటి పొడిచింది. దాని వెనక ఇంకోటి, ఇంకోటి, చెట్టు సగం ఖాళీ. "శివ్లా! కావ్ళా శివ్లా!" అని గురూజీ అరిచాడు, కాకి ముట్టింది, ముట్టింది, ఎవరో చేతులు తట్టారు, అర్పిత వాడి వీపు పట్టుకుంది, యమునాబాయి ముక్కుపుడక మాట మళ్ళీ ఎవరూ ఎత్తకముందే గట్టిగా ఏడుపు అందుకుంది. గడ్డి కాకి మెట్ల మీద పడి ఉంది, దారం చుట్టని తల, మెడ విడిపోయి తోక ఒకటే మిగిలింది.

దేనికి దిగాయి? ఫోనులో అరిచినదానికా, ఏ కాకి అరిచినా కాకులన్నీ వస్తాయి, ఆరో తరగతి పిల్లవాడిని అడిగినా చెప్తాడు, సైన్సు చెప్పేదాన్ని నేనే చెప్తాను. అలా అయితే అరిచాక అంతసేపు ఎందుకు ఆగాయి? వాడు పిలిచేదాకా ఎందుకు ఆగాయి? పిలిస్తె అస్త. పిలువకపోతె అరుస్త. రెండూ జరిగాయి, అరుపూ పిలుపూ, ఏది ముందు ఏది వెనక అని తేల్చుకుందామంటే ఈ మనిషి బతికుండగానూ ఏదీ తేల్చనివ్వలేదు. గజానన్ మెట్ల మీద కూర్చుని మజ్జిగ గ్లాసు రెండు చేతులా పట్టుకున్నాడు. తాగుతున్నాడు. ఫోను నా ఒళ్ళో పడేసి పోయాడు, తెర మీద ఇంకా ఆమె ఉంది, పచ్చ గోచీ చీర, ముక్కు తెరిచి, పళ్ళ సందు కనపడేలా ఆగిపోయి. కింద అదే ప్రశ్న, విసుగులేకుండా, వెలుగుతూ ఆరుతూ.

'మీరు కోరుకున్నది ఇదేనా?'

"హో" అన్నాను.